పరిసయ్యుడూ కృతజ్ఞతలే చెప్పాడు
(స్వర్ణోత్సవ కృతజ్ఞతా కూడికలో చేసిన ప్రసంగం)



కృతజ్ఞత గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు లూకా సువార్త 18వ అధ్యాయం గుర్తుకొచ్చింది. ఇద్దరు ప్రార్థన చేయడానికి దేవాలయానికి వెళ్లారు. పరిసయ్యుడి ప్రార్థన మొదలైందే కృతజ్ఞతతో. కాని అది తాను ఇతరుల వంటివాడిని కానందుకు చెప్పిన కృతజ్ఞత. వారానికి రెండు ఉపవాసాలు, రాబడిలో పదోవంతు అంటూ దేవుడికే లెక్క అప్పజెప్పాడు. దూరంగా నిలబడ్డ సుంకరి తల ఎత్తలేక, కరుణించమని మాత్రమే అడిగాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది సుంకరే. దీనమనస్సు లేకపోతే కృతజ్ఞత కూడా గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది.

ఈ రోజు మనకూ ఆ శోధన ఉంది. డాక్టర్లు, ఇంజనీర్లు, ఆఫీసర్లు అయిన మనవాళ్ల పేర్లు చదువుతుంటే నేనూ సంతోషంగా చప్పట్లు కొట్టాను. అయితే తెల్లవారకముందే పొయ్యి వెలిగించిన హాస్టల్ వంటమ్మ, వేళకు గంట కొట్టిన అటెండరు, తమ్ముళ్ల కోసం తాము చదువు మానేసిన మన తోటివాళ్లు ఆ జాబితాలో లేరు.

మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఇలాంటివారున్నారు. 1854 జనవరి 1న, ఇంకా పొద్దు పొడవకముందే, జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. అప్పటికి ఆ మిషన్‌ను మూసేయాలన్న మాట అమెరికాలో నడుస్తోంది. 24 ఏళ్ల తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య చాలామందికి తెలుసు. కొండెక్కిన ఆ ముగ్గురు తెలుగువారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? మన చదువూ అలాంటి ఎవరి ప్రార్థనకో ఫలమే.

లేవీయకాండం 25వ అధ్యాయంలో యాభయ్యవ ఏడు సునాద సంవత్సరం. అమ్ముడుపోయిన భూమి ఆ ఏడు తిరిగి సొంతదారుకు చేరాలి. అందుకే మనమూ తిరిగి ఇద్దాం. ఈ వారమే ఒక మాస్టారి ఇంటికి వెళ్లి నమస్కరిద్దాం. ఒక పేద విద్యార్థి ఫీజు కడదాం, రసీదు మీద మన పేరు లేకుండా. రాత్రి ప్రార్థనలో ఆ వంటమ్మను, ఆ అటెండరును పేరుపేరునా తలచుకుందాం.

అట్టి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.