ముందే రాసిన సంతాపం

అధ్యక్షుడి మాట క్లుప్తంగా ఉండాలని కార్యదర్శి గారు చీటీ రాసి మరీ చేతిలో పెట్టారు. అందుకని ఒక్క ప్రాణి గురించే మాట్లాడతాను.

మెక్సికోలో కాలిఫోర్నియా సింధుశాఖ ఉంది. దాని ఉత్తరపు కొసన, కొలరాడో నది ముఖద్వారం దగ్గర, వకీటా ఉంటుంది. ప్రపంచంలో మరెక్కడా లేదు. డాల్ఫిన్లకు దగ్గరి చుట్టమైన పోర్పస్ జాతి. స్పానిష్‌లో ఆ పేరుకు చిట్టి ఆవు అని అర్థం. అయిదడుగులకు మించదు, కళ్లకు కాటుక దట్టంగా పెట్టినట్టు నల్లటి వలయాలు. 1958లో శాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టింది మూడు పుర్రెలను చూసి. మనకు పరిచయం కావడమే ఎముకల రూపంలో అయింది.

1997లో 567 ఉన్నాయని అంచనా. 2008కి 245. 2018కి పది చుట్టుపక్కల. 2024 సర్వేలో కనిపించినవి 6 నుంచి 8.

ఇలా పడిపోతున్న అంకెలు చూసి కొన్నేళ్ల కిందట నేనొక వ్యాసం రాశాను. పేరుకు వ్యాసమేగానీ అది సంతాప సందేశం. ఇన్ని తక్కువ మిగిలాక ఇక మేనరికాలే గతి, ఆ జాతి లోలోపలే క్షీణించిపోతుంది అని తేల్చేశాను. తప్పు రాశాను. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన 20 వకీటాల జన్యువులను చదివింది. ఈ జాతి రెండున్నర లక్షల ఏళ్లుగా చిన్న మందగానే బతుకుతోందట. అంతకాలం కొద్దిమందిలోనే సంతానం సాగడంతో కీడు చేసే జన్యు లోపాలు చాలావరకు ఎప్పటికప్పుడు జల్లెడలో పోయినట్టు పోయాయి. వలల్లో చావులు పూర్తిగా ఆగితే రాబోయే యాభై ఏళ్లలో అంతరించే అవకాశం 6 శాతమేనని వాళ్ల లెక్క. పూర్తిగా అన్న మాటను మాత్రం దాటెయ్యకండి. కాస్త సడలినా ఆ లెక్క తారుమారవుతుంది.

చోద్యం ఏమిటంటే వకీటాను ఎవరూ వేటాడరు. వేట తొతోవాబా అనే చేప కోసం. వంద కిలోల దాకా తూగే ఆ చేప గాలితిత్తికి చైనాలో విపరీతమైన గిరాకీ. 1975 నుంచే దాని వేట నిషేధం, దొంగరవాణా ఆగలేదు. ఇది మనకు కొత్త కథేమీ కాదు. కాకినాడ, అంతర్వేది తీరాల్లో పెద్ద కచిడి పడితే మర్నాడు పేపర్లో లక్షల ధర వేస్తారు. అదీ ఆ గాలితిత్తి కోసమే. కచిడి, తొతోవాబా ఒకే కుటుంబం చేపలు. ఆ తిత్తి కోసం వేసే పెద్ద కన్నుల గిల్‌నెట్‌లో వకీటా తల దూరుతుంది, బయటికి రాదు. ఊపిరికి పైకి రావలసిన ప్రాణి, నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. రొయ్యల కోసం వేసే గిల్‌నెట్లూ ఇలాగే చంపాయి.

మెక్సికో ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందని అనలేను. 2015లో రెండేళ్లు గిల్‌నెట్లు నిషేధించి పరిహారం ఇచ్చింది. 2017లో నిషేధాన్ని శాశ్వతం చేసింది. ఆ పరిహారం లైసెన్సులున్న యజమానులకు చేరినట్టు పడవెక్కే కూలీకి చేరలేదని విమర్శ. ఆ తీరంలోని శాన్ ఫెలిపే జాలరికి కొత్త రకం వల ఇచ్చి, తక్కువ రొయ్యలతో ఇంటికి పొమ్మంటే పోతాడా? మన వాళ్లయితే పోతారా? సంరక్షణ గురించి రాసేవాళ్లం ఈ చోట కొంచెం గొంతు తగ్గిస్తాం. నాకది నచ్చదు.

2017లోనే మరో ప్రయత్నం జరిగింది. అమెరికా నౌకాదళపు డాల్ఫిన్ల సాయంతో వకీటాలను పట్టి, కాపాడదామనుకున్నారు. మొదట పట్టిన పిల్ల ఆందోళనతో తల్లడిల్లితే వదిలేశారు. తర్వాత పట్టిన ఆడది చనిపోయింది. అంతటితో ఆపేశారు, ఆపడం మంచిదైంది. 2022లో మెక్సికో నౌకాదళం కొక్కేలున్న 193 కాంక్రీటు దిమ్మెలను సముద్రం అడుగున వేసింది, వల వేస్తే తగులుకుపోయేలా. మోటు పద్ధతే. కానీ ఆ మేర వలలు బాగా తగ్గాయి, ఆ తర్వాతి సర్వేల్లో దూడలూ కనిపించాయి.

అదే మెక్సికోలో, గ్వాదలూపే దీవి దగ్గర, పందొమ్మిదో శతాబ్దం చివర ఉత్తర ఏనుగు సీళ్లు వందకు మించి మిగల్లేదని అంచనా. 1922లో వాటికి రక్షణ ఇచ్చారు. ఇవాళ లక్షన్నర పైన. వాటిని చంపిన మనిషి కంటికి కనిపించేవాడు, ఆపగలిగారు. వకీటాను చంపేది రాత్రిపూట వేసి వదిలేసిన వల.

అందుకే ఈ సభలో మొదటి పత్రం జన్యువుల మీద కాదు, వలల మీద పెట్టమని కోరాను. కార్యదర్శి గారు నా వైపు చూస్తున్నారు. పత్రం సమర్పించే మిత్రుణ్ని వేదిక మీదికి రమ్మంటున్నాను. ఆయన వల ముక్కలు కూడా వెంట తెచ్చారు. వెనకవాళ్లు కాస్త ముందుకొచ్చి కూర్చోండి.