పాపకు నాలుగు నెలలు: ఇల్లు, పని, చదువు ఎక్కడిదాకా వచ్చాయి?

మనం మాట్లాడుకుని చాలా రోజులైంది. "అన్నా, వీడియోలు బంద్ చేసినవా?" అని చాలామంది అడిగారు. బంద్ చేయలేదు. మాకు పాప పుట్టింది. నాలుగో నెల నడుస్తోంది, మొన్ననే పద్నాలుగు వారాల టీకాలు కూడా అయిపోయాయి. అందుకే ఇవాళ టెక్ టాపిక్ ఏం లేదు. ఇల్లు, పని, చదువు ఎక్కడిదాకా వచ్చాయో చెప్తా. అందులో మా ఇద్దరికీ తేల్చుకోవాల్సి వచ్చిన ఒక విషయం ఉంది. కొత్తగా పెళ్లైనవాళ్లకు అది పనికొస్తుంది.

ముందు మా ఇంటి మ్యాప్ చెప్పాలి. అమ్మానాన్నలు గద్వాల్ దగ్గర. నా భార్య తల్లిగారిల్లు నాగర్‌కర్నూల్. మేమిద్దరం అద్దెకు ఉండేది వనపర్తిలో. 2016 అక్టోబర్ దాకా ఇదంతా ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు మూడు జిల్లాలు. అంటే మా పాప పుట్టుకతోనే మూడు జిల్లాల మనిషి.

తొలి కాన్పు తల్లిగారింట్లోనే అనేది మన దగ్గర ఆనవాయితీ. ఏడో నెలలో పోయింది, పాపకు మూడో నెల వచ్చాక వనపర్తికి వచ్చింది. నేను ఆ ఆనవాయితీని తప్పు పట్టను. బాలింతకు కన్నతల్లి చూసుకున్నట్టు ఇంకెవరూ చూసుకోలేరు. పాపకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, తొట్టెలలో పడుకోబెట్టే ఆ చేతివాటం యూట్యూబ్‌లో నేర్చుకునేది కాదు. కానీ అందులో తండ్రి ఎవరు? చుట్టం. శనివారం సాయంత్రం బస్సు దిగితే అల్లుడికి కుర్చీ, చాయ్, సకినాలు. పాపను ఒళ్లో పెడతారు. ఏడవగానే ఎవరో ఒకరు వచ్చి తీసుకుంటారు. సోమవారం పొద్దున మళ్లీ బస్సు. ఆకలి ఏడుపు ఏది, నిద్ర ఏడుపు ఏది అనేది ఆ ఇంట్లో అందరికీ తెలుసు, పక్కింటి పెద్దమ్మకు కూడా తెలుసు. నాకు తెలిసే చాన్సే లేదు.

చట్టం కూడా అంతే. 2017లో తల్లులకు జీతంతో కూడిన ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు, మొదటి ఇద్దరు పిల్లల వరకు. చాలా మంచి మార్పు. తండ్రి సంగతి చూస్తే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు. ప్రైవేట్ కంపెనీల్లో తండ్రికి ఇన్ని రోజులు ఇచ్చి తీరాలనే చట్టం లేదు, కంపెనీ పాలసీలో ఎంత ఉంటే అంత. ఇక నాలాగా ఉద్యోగం వదిలేసి వీడియోలు, ఫ్రీలాన్స్ కోడింగ్ చేసుకునేవాడికి సెలవు ఇవ్వాల్సింది వాడే. మీకో నిజం చెప్పనా? నా అంత కఠినమైన మేనేజర్‌ను నేను హైదరాబాద్‌లో కూడా చూడలేదు.

సరే, ఇప్పుడు అసలు విషయం. నా భార్య బీఈడీ చేసింది, మ్యాథ్స్. టెట్ పేపర్-2కు ప్రిపేర్ అవుతోంది. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. మా బీసీలకు 75 వస్తే క్వాలిఫై. కానీ క్వాలిఫై అయితే సరిపోదు, డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది, ఒక్కో మార్కూ లెక్కే. నేనేమో ఎన్‌పీటెల్‌లో మెషిన్ లెర్నింగ్ కోర్సు, 12 వారాలది. వారం వారం అసైన్‌మెంట్లు, చివర్లో సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్ష. ఇద్దరి పరీక్షలూ దగ్గర దగ్గరే పడ్డాయి.

వనపర్తికి వచ్చాక ఇంట్లో ముగ్గురమే. ఫోన్ చేసినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: "పాపతో పని ఎట్ల నడుస్తుంది రా? కోర్సు ఏమైంది?" తనను అడిగేది కూడా ఒకటే: "పాప పాలు తాగుతుందా?" తన టెట్ ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఒక రాత్రి తనే అన్నది, "ఈసారికి నేను వదిలేస్తా, నువ్వు రాసుకో." ఎంత మామూలుగా అన్నదంటే, గ్యాస్ బుక్ చేయమన్నట్టు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఆన్‌కాల్ తెలుసు. రాత్రి సర్వర్ పడిపోతే ఎవరు లేవాలి అని ముందే రోస్టర్ ఉంటుంది. ఏడాది పొడుగూ ఒక్కడి పేరే ఉన్న రోస్టర్‌ను ఏ టీమూ ఒప్పుకోదు. మా ఇంట్లో అదే నడుస్తోంది. "ఏమైనా ఉంటే చెప్పు, నేను చేస్తా" అని నేను అంటున్నా. కానీ ఏం ఉందో గుర్తుపెట్టుకుని చెప్పడం కూడా ఒక పనే కదా? అది కూడా తన మీదే.

దీనికి నాకు సరైన మాట మా నాన్న దగ్గర దొరికింది. ఆయనకు జూరాల కాలువ కింద పొలం ఉంది. నీళ్లు తక్కువైన సీజన్‌లో వారబందీ పెడతారు, అంటే వంతుల వారీగా నీళ్లు వదులుతారు. నాన్న అన్నాడు, "వంతు వచ్చినోడు రాత్రి రెండు గంటలైనా లేచి పోవాల్సిందే. పక్కపొలమోడు వచ్చి లేపడు. ఇంకోడి వంతులో మనం మడవ తిప్పుకోవద్దు." అంతే. సాయం వేరు, వంతు వేరు. సాయం అంటే నీకు వీలైనప్పుడు చేసేది. వంతు అంటే నీకు వీలున్నా లేకున్నా నీదే.

ఇప్పుడు మా వారబందీ ఇదీ. తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా తన చదువు. సాయంత్రం ఇంకో రెండు గంటలు. ఆ టైమ్‌లో పాప నాది. ఆరు నెలల దాకా తల్లిపాలే కాబట్టి పాలు ఇవ్వడం ఒక్కటి నా చేతిలో లేదు. తేన్పు తీయించడం, గుడ్డలు మార్చడం, ఉతకడం, నిద్రపుచ్చడం అన్నీ నావే. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "మగపిలగానివి, ఆ గుడ్డలు ఉతుకుడేందిరా?" అన్నది. వెనక నుంచి నాన్న గొంతు, "వాని వంతు వానిది, నువ్వు ఊకో."

దీనికి ఖర్చు ఉంది, దాచను. నెలకు నాలుగు వీడియోలు చేసేవాణ్ణి, ఇప్పుడు రెండే. వ్యూస్ తగ్గాయి, డబ్బులు కూడా. ఇంటి అద్దె మాత్రం తగ్గదు కదా, అందుకే ఫ్రీలాన్స్ పని ఒకటి పట్టుకున్నా, పాప పగటిపూట పడుకున్నప్పుడు చేస్తున్నా. ఎన్‌పీటెల్ పరీక్షకు ఈసారి ఫీజు కట్టలేదు. పాఠాలు ఫ్రీగా అక్కడే ఉంటాయి, పాపను భుజాన వేసుకుని వింటున్నా. పరీక్ష మళ్లీ కోర్సు పెట్టినప్పుడు రాస్తా. తన పరీక్ష మాత్రం ఇంకో మూడు వారాల్లో, సెంటర్ మహబూబ్‌నగర్‌లో. ముగ్గురం పోతాం. తను లోపల రాస్తుంటే నేను పాపతో బయట. ముందే పాలు తీసి ఐస్ ప్యాక్‌లో పెట్టుకుని పోవాలి. గ్లాసు, స్పూన్‌తో తాగించడం ఇప్పటి నుంచే ప్రాక్టీస్ చేస్తున్నాం. ఇవాళ స్కోరు: సగం లోపలికి, సగం నా షర్ట్ మీదికి.

కాబోయే తండ్రులకు ఒక మాట. పాప తల్లిగారింట్లో ఉన్నా, మొత్తంగా మీరే తీసుకోగల పనులు ఉన్నాయి. ఒకటి, బర్త్ సర్టిఫికెట్. 21 రోజుల్లో నమోదైందా లేదా చూసుకోండి. పేరు తర్వాత కూడా చేర్చొచ్చు, ఏడాది దాకా దానికి ఫీజు ఉండదు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చాలన్నా, పాస్‌పోర్ట్ కావాలన్నా పుట్టిన తేదీకి ఇదే ఆధారం. స్పెల్లింగ్ రెండుసార్లు చూడండి. రెండు, టీకాలు. పుట్టగానే, తర్వాత 6, 10, 14 వారాలకు, మళ్లీ తొమ్మిది నెలలకు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఫ్రీ. కార్డు మీ జేబులో పెట్టుకోండి, తేదీలు మీ ఫోన్‌లో పెట్టుకోండి. ఇంకొకరు గుర్తు చేస్తే చేద్దాంలే అనుకుంటే అది మళ్లీ సాయమే అవుతుంది.

మూడోది అన్నింటికన్నా చిన్నది. ఎవరైనా బాలింతను చూడ్డానికి పోతే, పాప గురించి అడిగాక, "నీ చదువు ఎంతవరకు వచ్చింది? నీ ఉద్యోగం సంగతేంది?" అని కూడా అడగండి. డబ్బులు ఖర్చు కావు.

నెక్స్ట్ వీడియో రెండు వారాల తర్వాతే. ఒక రోజు అటూ ఇటూ అయితే ఏమనుకోకండి, నాలుగింటి డ్యూటీ ఉంది. మీ ఇంట్లో వంతులు ఎట్లున్నాయో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతా. ఉంటా ఫ్రెండ్స్, పాప లేచింది.