ఉప్పు పాఠంలో మా గాడిదలు యాడ?

(ఆగస్టు 31, విముక్తి దినం. వేంపల్లెలో మాట్లాడిన మాటలు)



బడుల్లో పౌరశాస్త్రం, దేశ చరిత్ర తప్పనిసరిగా చెప్పాల, పిల్లోళ్లకు దేశమంటే ఏందో తెలీకుండా పోతాంది అని చానామంది అంటాండారు. ఆదివాసీ సంఘాలోళ్లు దీనికి అడ్డం పడతారని కొందరి అనుమానం. నేను అడ్డం పడను. వాళ్లకంటే గట్టిగా అడుగుతా. ఎందుకో చెప్తా.

హైస్కూల్లో ఉన్నప్పుడు ఆర్టికల్ 22 బట్టీ పట్టినా. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాల, 24 గంటల్లోపల మేజిస్ట్రేటు ముందర నిలబెట్టాల, వకీలుతో మాట్లాడుకోనియ్యాల. పరీక్షలో వచ్చింది, మార్కులూ పడినాయి. ఆ ఎండాకాలమే పాపాఘ్ని అవతల ఒక ఊర్లో దొంగతనం జరిగితే, బుట్టలు అమ్ముకోను పోయిన మా చిన్నాయనను పట్టుకపోయినారు. రెండు రాత్రులు పెట్టుకున్నారు. ఏం కేసో చెప్పలేదు, యాడా రాయలేదు. మూడో పొద్దు అసలు దొంగ దొరికితే పొమ్మన్నారు. ఆ రెండు రాత్రులూ నేను, మా పిన్నమ్మ బయట చింతచెట్టు కింద కూచోనుంటిమి. పాఠం నా నోట్లోనే ఉంది. అది పరీక్ష కోసం రాసిందనుకున్నా గానీ మా చిన్నాయన కోసం రాసిందని నాకు తట్టలేదు.

ఇంక చరిత్ర. ఉప్పు సత్యాగ్రహం మనమందరం చదివినాం. 1930, దండి, గాంధీగారు, పిడికెడు ఉప్పు. మంచి పాఠమే. అయితే మా ఎరుకలోళ్లలో దబ్బ ఎరుకల, కరివేపాకు ఎరుకల ఉన్నట్టే ఉప్పు ఎరుకల అని ఒక శాఖ ఉంది. సముద్రం దిక్కు నుంచి గాడిదల మీద ఉప్పు మోసుకొచ్చి, మెట్ట ఊర్లల్లో గింజలకు మార్చుకోవడం వాళ్ల బతుకుతెరువు. 1805లో మద్రాసులో కుంపిణీ ఉప్పు వ్యాపారాన్ని తన గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత రైలొచ్చింది. 1871 నాటికి మద్రాసు నుంచి బొంబాయికి పట్టాలు మన కడప మీదుగానే కలిసిపోయినాయి. మూటలు రైల్లో వస్తాంటే గాడిదతో ఎవురికి పని? ఆమీట 1876లో ధాత కరువు. దారి పట్టి తిరిగే మనిషి అప్పటిదాకా వ్యాపారి, ఇప్పుడు అనుమానితుడు.

అదే 1871లో ఉత్తరాన నేరస్త తెగల చట్టం తెచ్చినారు. 1911లో దాన్ని కొత్తగా రాసి మన మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చినారు. వేలిముద్రలు, పోలీసు హాజరు, ఊరు దాటాలంటే చీటీ. స్టువర్టుపురం, మన పక్కన కర్నూలు జిల్లాలో సిద్ధాపురం లాంటి సెటిల్‌మెంట్లు. ఆ 1911 చట్టంలోనే ఇంకొకటుంది. ఆరేండ్లు దాటిన పిల్లలను పద్దెనిమిదేండ్ల దాకా తల్లిదండ్రుల నుంచి విడదీసి బడిలో పెట్టే అధికారం సర్కారుకిచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరేండ్ల నుంచే మొదలైతాది, చూడండి. బడి అంటే మా పెద్దోళ్లు ఎందుకు జంకినారో, అది వట్టి అజ్ఞానమేనా కాదా అని అయ్యవార్లు ఒకసారి ఆలోచించాల.

మద్రాసులో ఈ చట్టాన్ని 1947లో తీసేసి, 1948లో అలవాటు నేరస్తుల చట్టం తెచ్చినారు. దేశమంతా పాత చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. అందుకే ఈ దినం. 1962లో ఆంధ్రప్రదేశ్ కూడా అలవాటు నేరస్తుల చట్టం చేసుకుంది. జైలు నిబంధనల్లో సంచార తెగలు, నేరస్త తెగలు అనే మాటలు నిన్నమొన్నటి దాకా ఉండె. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్ష మీద తీర్పు చెప్తా వాటిని తప్పుబట్టింది. దేని ఆధారంగా? ఆర్టికల్ 14, 15, 17, 21, 23. మన పిల్లోళ్లు రెండు మార్కులకు బట్టీ పట్టేవి అవే.

పోయినసారి ఒక అయ్యవారు నన్నడిగినారు, ఇయన్నీ చెప్తే పిల్లోళ్లకు తక్కువతనం రాదా అని. మంచి మనసుతోనే అడిగినారు. అయ్యా, దొంగోడు అనే పేరు మా పిల్లోనికి మీరు చెప్పకముందే తెలుసు. ఆటలో పెన్ను పోతే మొదట వాని సంచే వెతుకుతారు. ఆ పేరు రక్తంలో లేదు, ఒక చట్టంలో నుంచి వచ్చింది, ఆ చట్టం కొట్టేసినారు అని తెలిస్తే వాడు తలెత్తుతాడు. పక్కన కూచున్న పిల్లోడూ ఆ సంచి ఎతకడం మానేస్తాడు. ఈ పాఠం వానికే ముఖ్యంగా కావాల.

కాబట్టి మేమడిగేది పెద్ద కోరికేం కాదు. టెన్త్ పరీక్షలు దగ్గరపడితే సోషల్ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయొద్దు. ఎంపీసీ, బైపీసీ తీసుకున్నోళ్లకూ రాజ్యాంగం కొంచెమన్నా చెప్పాల. ఆగస్టు 15న జెండా ఎగరేసే బడి, 31న ఒక్క పీరియడ్ మాకియ్యాల. ఆ పీరియడ్‌లో మా అవ్వలు కుర్చీలో కూచోని చెప్తారు, పిల్లోళ్లు రాసుకుంటారు. ఆర్టికల్ 22 చెప్పిన దినమే అర్జీ ఎట్ల రాయాలో చెప్పాల. ఎస్టీలకు, కస్టడీలో ఉన్నోళ్లకు ఉచితంగా వకీలునిస్తారని, 15100కు ఫోన్ చేయొచ్చని బోర్డు మీద రాయాల. ఆ నంబరు ఆ పొద్దు నాకు తెలిసుంటే చింతచెట్టు కింద ఊరికే కూచోనుండను.

అర్జీ ఆ బల్ల మీద ఉంది. అందరూ సంతకం పెట్టిపోండి. మా అవ్వ వేలిముద్ర వెయ్యనంటే పోయిన నెలంతా పేరు రాయను నేర్పించినా. వరసలో ఆమె కాడ కొంచెం ఆలస్యమైతాది, ఓర్సుకోండి.