పాత రాతిమిద్దెలు



నవ రాయపూరులోని కార్యాలయములు దాటి పల్లెల వైపు వెళ్ళినచో, నిలువుగా పాతిన రాతిపలకల కంచెలు కనబడును. ఇచ్చటివారు ఆ పలకలను ఫర్శీ యందురు. బదిలీపై వచ్చిన తొలివారమున వానిని చూచి, మా బేతంచెర్లకే వచ్చితినా యని భ్రమపడితిని. ఆ భ్రమ నిరాధారము కాదు. ఉభయత్ర అది పురాతన సముద్రముల అడుగున పేరుకొనిన సున్నపురాయియే. కడప జిల్లాలోని నార్జి గ్రామము పేరే మన వైపు రాతికి శాస్త్రజ్ఞులు పెట్టిరి. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి గ్రంథము ప్రకటించి, 1885లో ఛత్తీస్‌గఢ్ ప్రాంతమును గూర్చియు వ్రాసినాడు. నేడు రెండుచోట్లను సిమెంటు కర్మాగారములకు ముడిసరకు ఈ రాయియే. రాతియిండ్లను పడగొట్టి కట్టుకొను కొత్త యిండ్లును ఆ రాతివే యన్నమాట!

గత వేసవిలో మా అన్నగారు పాతమిద్దెను దింపించుచున్నామని ఫోను చేసిరి. మూడు దినములు సెలవుపెట్టి, టేపును నోటుపుస్తకమును తీసికొని వెళ్ళితిని. వలదని చెప్పుటకు కాదు. అందు కాపురముండువారు వారు. నేను పండుగకు వచ్చిపోవువాడను.

గోడ మందము రెండడుగుల మూడంగుళములు. లోపలొక వరుస, వెలుపలొక వరుస రాళ్ళు పేర్చి, నడుమ రాతిముక్కలు, మన్ను కూరినారు. అక్కడక్కడ గోడ వెడల్పంతయు పట్టు పొడుగురాళ్ళు వేసిరి. అవి లేనిచో రెండు వరుసలు ఉబ్బి విడిపోవును. పైన దూలములు, వానిపై దంతెలు, దంతెలపై బండలు, బండలపై చౌడుమన్ను. చౌడే యెందులకు? అందలి సోడియపు లవణముల వలన, తడిసినప్పుడు మట్టిరేణువులు విడివడి సందులలో మెత్తుకొని నీటిదారిని మూయును. పైరును చెరచు మన్నే కప్పును కాపాడును. అయితే ఏటేట తొలకరికి ముందు కొత్తచౌడు పోయవలెను. మా యింట కొన్నేండ్లుగా అది మానిరి. గవాక్షి ప్రక్క దూలము పుచ్చినది.

మా దస్తావేజులో స్థలము మాత్రమే యున్నది, మిద్దె ప్రసక్తి లేదు. పొరుగువారి విక్రయపత్రము చూడగా, చెక్కుబందులలో పడమటి హద్దుగా మా తాతగారి రాతిమిద్దె కనబడినది. మిద్దె ఆ పత్రముకంటె పాతదని తేలినది. మీ యింటి సంగతి మీ కాగితములలో లేకున్న పొరుగింటివారి నడుగుడు.

పెరటిగోడలో మోకాలియెత్తున ఒక రాయి బయటికి పొడుచుకొనియున్నది. ఎందులకో అన్నగారెరుగరు. ఊరి ముసలి బేల్దారి నడుగుదమని పోతిని. ఆయన సంక్రాంతికి ముందే గతించిరట. అంతకు ముందటి యేడు నేను ఆయన అరుగుమీదనే కూర్చుండి, టీ త్రాగి, పింఛను సంగతులు ముచ్చటించి వచ్చితిని. ఫైలులో ప్రతి పుటకును సంఖ్య వేయించు నాకు ఆనాడు ఆ గోడ నడుగవలెనని తోచలేదు.

రాయి పదునొకండంగుళములు ముందుకు వచ్చియున్నది. కొలత వ్రాసికొని, పేరు వ్రాయవలసినచోట గీత గీసి యుంచితిని.