కంప్లైంట్‌లో ‘పోయింది’ అని రాస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

ఈరోజు టాపిక్ ఎఫ్ఐఆర్. ముందు నాకు జరిగింది చెప్తా.

కిందటేడాది విజయవాడ నుంచి హైదరాబాద్‌కి నైట్ బస్‌లో వస్తున్నా. మధ్యలో టీకి ఆపారు. దిగి, పది నిమిషాల్లో తిరిగొచ్చా. సీటు మీద పెట్టిన బ్యాగ్ లేదు. అందులోనే ల్యాప్‌టాప్. పొద్దున్నే సిటీలో దిగి దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్తే, "ఇది మా లిమిట్స్ కాదు, ఎక్కడ పోయిందో అక్కడికెళ్లు" అన్నారు. బతిమాలితే, "సరే, పోయిందని ఓ కాగితం రాసివ్వు" అన్నారు. రాసిచ్చా. స్టాంప్ వేసిచ్చారు. పనైపోయిందనుకున్నా.

వారం తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు ఎఫ్ఐఆర్ కాపీ అడిగారు. నా దగ్గర లేదు. క్లెయిమ్ రాలేదు. లేని ల్యాప్‌టాప్‌కి ఏడు నెలలు ఈఎంఐ కట్టా.

ఇక్కడ రెండు తప్పులున్నాయి. ఒకటి వాళ్లది, ఇంకోటి నాది.

వాళ్ల తప్పు 'లిమిట్స్' అనడం. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చింది. దాని సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత సంబంధిత స్టేషన్‌కి పంపే పని పోలీసులదే, మనది కాదు.

నా తప్పు 'పోయింది' అని రాయడం. మన తెలుగులో జేబులోంచి జారినా పోయిందే, ఎవడో ఎత్తుకెళ్లినా పోయిందే. స్టేషన్‌లో మాత్రం ఈ రెండూ వేరు. వస్తువు పారేసుకోవడం నేరం కాదు కాబట్టి కేసు ఉండదు. దొంగతనం నేరం. అలాంటి కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంట్ లేకుండా అరెస్ట్ చేయగల నేరం, ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కటి గుర్తుంచుకోండి: కొత్త చట్టంలో 5,000 రూపాయల లోపు దొంగతనం కాగ్నిజబుల్ కాదు.

అందుకే ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ వస్తువు, దాని విలువెంత అన్నీ రాసి, 'దొంగిలించారు' అని స్పష్టంగా పెట్టండి. అయితే నిజంగా మర్చిపోయి వచ్చేసిన వస్తువుకి ఇలా రాయకండి. అబద్ధపు ఫిర్యాదు కూడా నేరమే. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

అయినా కట్టకపోతే? గొడవ పడకండి. అదే ఫిర్యాదు ఎస్పీకి, కమిషనరేట్ ఏరియాలో అయితే డీసీపీకి, రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపండి. రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయొచ్చు.

స్టేషన్‌లో ఎవరైనా "పోయిందని రాయండి" అంటే, "పోలేదండీ, దొంగిలించారు" అనండి. ఆ ఒక్క మాట దగ్గరే నేను తగ్గాను. మీరు తగ్గకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!