వినే మనుషులు కావాలి

(వరంగల్‌లో మొహల్లా పెద్దలు, మహిళలు, యువకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మేము మాట్లాడదలచిన విషయం మన ఇళ్లలో ఉన్నదే. కానీ మన నోటివెంట రానిది. ఇంట్లో ఒకరికి షుగర్ వస్తే ఇరుగుపొరుగుకు చెబుతాం. గుండెకు స్టెంట్ వేస్తే బంధువులందరూ పరామర్శకు వస్తారు. అదే ఇంట్లో కోడలికి నెలల తరబడి నిద్ర లేకపోయినా, కొడుకు గది విడిచి బయటకు రాకపోయినా తలుపులు మూసుకుంటాం. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉన్నదని, ఇజ్జత్ పోతుందని భయపడతాం. “ఎర్రగడ్డకు పంపాలి” అనే మాట మన దగ్గర వెక్కిరింతగా స్థిరపడింది. అక్కడున్నది ఆసుపత్రి అని, అక్కడికి వెళ్లేవారు వైద్యం కోసం వెళ్తారని మరచిపోయాం.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా పని చేసి విశ్రాంతి పొందిన తరువాత మేము పింఛను దరఖాస్తులు, ధ్రువపత్రాల పనులలో మన కుటుంబాలకు తోడుగా ఉంటున్నాం. కాగితం పని ముగిసిన తరువాత కూడా కొందరు తల్లులు లేచి వెళ్లరు. చెప్పుకోవలసినది ఇంకా మిగిలి ఉంటుంది. “టెన్షన్‌గా ఉంది”, “గుండె దడగా ఉంది”, “ఆలోచనలు ఆగడం లేదు” అంటారు. ఈ మాటలు వినడానికి ప్రతిచోటా పెద్ద డాక్టరే కావాలా? అక్కరలేదని చేసి చూపిన మనుషుల గురించి, వారు నిలబెట్టిన సంస్థల గురించి తెలుసుకోవడం మనకు అవసరం.

1953లో లండన్‌లో చాడ్ వరా అనే క్రైస్తవ మతాచార్యుడు, బతుకు మీద ఆశ వదులుకున్నవారు తనతో మాట్లాడవచ్చని ప్రకటించి ఒక టెలిఫోను పెట్టారు. వచ్చినవారు ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, సాయానికి వచ్చిన మామూలు మనుషులు టీ ఇచ్చి వారితో మాట్లాడేవారు. చాలామంది ఆ మాటలతోనే ఊరట పొంది, ఆయనను కలవకుండానే వెళ్లిపోయారు. కావలసింది ఉపదేశం కాదు, ఓపికగా వినే మనిషి అని ఆయన గ్రహించారు. సమారిటన్స్ అనే సంస్థ అలా ఏర్పడింది. అదే దారిలో 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్నేహ అనే సంస్థను స్థాపించారు. 1997లో మన హైదరాబాద్‌లో రోష్నీ సంస్థ మొదలైంది. అక్కడ ఫోను ఎత్తేవారు శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు. వారు తీర్పు చెప్పరు. విన్న మాట బయటకు పోనివ్వరు.

రోష్నీ మొదలైన ఆ కాలంలోనే, 1997-98లో, మన వరంగల్ జిల్లాలో పత్తి పంట పురుగు పాలై, అప్పులు తీర్చే దారి లేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2019లో ఇంటర్ ఫలితాలలో తప్పులు దొర్లి రాష్ట్రం అట్టుడికినప్పుడు 20 మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. అప్పుకు, పరీక్షల నిర్వహణలోని లోపానికి ప్రభుత్వమే జవాబు చెప్పాలి. ఓదార్పు న్యాయానికి బదులు కాదు. కానీ న్యాయం వచ్చేదాకా మనిషి బతికి ఉండాలి కదా! ఆ రాత్రి గడిపించే మాట ఒకటి పక్కన ఉండాలి.

దూరదేశపు ఉదాహరణ ఒకటి మనకు బాగా పనికివస్తుంది. జింబాబ్వేలో మనోవైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. వారిలో ఒకరు డాక్టర్ డిక్సన్ చిబాండా. ఆయన దగ్గర వైద్యం పొందుతున్న ఒక యువతి ప్రాణం తీసుకుంది. ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేదని తల్లిని అడిగితే, బస్సు ఛార్జీకి డబ్బు లేదని చెప్పింది. ఆ జవాబు ఆయనను కదిలించింది. 2006లో హరారే నగరంలో 14 మంది నాయనమ్మలు, అమ్మమ్మలతో ఆయన పని మొదలుపెట్టారు. ఆరోగ్య కేంద్రంలో గది లేదు కనుక చెట్టు కింద బల్ల వేశారు. దానికి మొదట మానసిక ఆరోగ్యం పేరు పెడితే, ఆ పేరుతో ఎవరూ వచ్చి కూర్చోరని ఆ పెద్దమ్మలే చెప్పారు. అప్పుడది ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ అయింది. వారు జబ్బుల పేర్లు వాడరు. “అతిగా ఆలోచించడం” అని తమ భాషలోని మాటే వాడతారు. బాధలన్నీ విని, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, ఈ వారం దానికి ఏమి చేయగలమో బాధితురాలి చేతనే ఆలోచింపజేస్తారు. దీని ఫలితాలను పరీక్షించి 2016లో ప్రకటించారు. ఆరు నెలల తరువాత, మామూలు సేవలు పొందినవారిలో సగం మందికి కుంగుబాటు లక్షణాలు మిగిలి ఉండగా, బల్ల మీద కూర్చున్నవారిలో నూటికి 14 మందికే మిగిలాయి.

అటువంటి నానీమాలు, దాదీమాలు మన మొహల్లాలలో లేరా? ఉన్నారు. లేనిది శిక్షణ మాత్రమే.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు: ఈమాన్ గట్టిగా ఉంటే మనసు ఎందుకు కుంగుతుంది? యాఖూబ్ ప్రవక్త కుమారుడు యూసుఫ్ ఎడబాటుతో చూపు పోయేంతగా దుఃఖించారని ఖుర్‌ఆన్ చెబుతున్నది. హజ్రత్ ఖదీజాను, పినతండ్రి అబూ తాలిబ్‌ను కోల్పోయిన ఏడాదిని ప్రవక్త (స) జీవితంలో దుఃఖ సంవత్సరమనే పిలుస్తాం. వారి ఈమాన్‌ను శంకించేదెవరు? దాదాపు 1100 ఏళ్ల క్రితమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు దేహానికి వచ్చే జబ్బులను, మనసుకు వచ్చే జబ్బులను ఒకే గ్రంథంలో చర్చించారు. అత్యవసరానికి మందులు దాచుకున్నట్లే, కష్టకాలంలో ఆదుకునే మంచి ఆలోచనలను మనసు బాగున్నప్పుడే కూడబెట్టుకోవాలని ఆయన బోధించారు. మానసిక స్థైర్యం పేరిట ఇప్పుడు నేర్పుతున్నది ఇంచుమించు ఇదే.

దువాను వదలమని మేము అనడం లేదు. దవాను వదలవద్దని అంటున్నాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో, మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్నందున పారిపోలేక 28 మంది మరణించారు. గుజరాత్‌లోని ఉనావా గ్రామంలో, మీరా దాతార్ దర్గా వద్ద మరో మార్గం తెరుచుకుంది. మిలేశ్ హమ్లాయీ స్థాపించిన ఆల్ట్రూయిస్ట్ అనే సంస్థ రాష్ట్ర ఆరోగ్య శాఖతో కలసి 2008 నుండి అక్కడ ‘దవా-దువా’ కార్యక్రమాన్ని నడిపింది. ముజావర్లకు జబ్బు లక్షణాలు గుర్తుపట్టడం నేర్పారు. వారే రోగులను డాక్టరు దగ్గరకు పంపసాగారు. దువా ఆగలేదు, వైద్యం తోడైంది.

మరొక సంగతి హక్కులకు సంబంధించినది. 2018 మే 29 నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ సేవల ద్వారా మానసిక వైద్యం పొందడం ప్రతి పౌరుని హక్కు. రోగిని గొలుసులతో కట్టడం నిషిద్ధం. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి సంరక్షణ కల్పించాలే తప్ప సాధారణంగా శిక్షించరాదు. కాబట్టి పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకుపోవడం ఆలస్యం చేయకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మానసిక అనారోగ్యం కూడా ఉన్నది. 40 శాతం వైకల్యం నిర్ధారణ అయితే ధ్రువపత్రానికి, దానితో వచ్చే సహాయాలకు అర్హత ఉంటుంది. ఆ దరఖాస్తు పని మేము చేసిపెడతాం. సిగ్గుపడకుండా రండి.

మా విన్నపాలు నాలుగు. ఒకటి, ప్రతి మస్జిద్ కమిటీ ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పురుషులను ఎంపిక చేసి, వినడంలో శిక్షణ ఇప్పించాలి. విన్న మాట గోప్యంగా ఉంచుతామని వారు ప్రమాణం చేయాలి. రెండు, ఏడాదికి కొన్నిసార్లయినా జుమా ఖుత్బాలో ఈ విషయం రావాలి. మూడు, మైనారిటీ గురుకులాలలో ప్రతి పాఠశాలకు శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను నియమించాలని ప్రభుత్వాన్ని మనమందరం కలసి కోరాలి. నాలుగు, వినే మనిషి తన హద్దు తెలుసుకోవాలి. చెవిలో గొంతులు వినబడుతున్నాయన్నా, చనిపోతానన్నా, తిండీ నిద్రా పూర్తిగా మానేసినా అది మాటలతో తీరేది కాదు. వెంటనే ఎంజీఎం ఆసుపత్రి మనోవైద్య విభాగానికి తీసుకువెళ్లాలి. అటువంటి మనిషిని ఒంటరిగా వదలరాదు. టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది. ఈ నంబరును మస్జిద్ నోటీసు బోర్డు మీద రాయండి.

జనాజాకు ఊరంతా కదిలే సమాజం మనది. ఆ మనిషి బతికి ఉండగానే ఒక గంట పక్కన కూర్చోవడం మనకు అసాధ్యం కాదు. ఆ ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక, ఆమీన్.