చలికాలమున ఇంటికప్పు సంరక్షణ



కార్తీకము రాఁగానే వానలు వెడలినవని ఇంటికప్పు సంగతి మఱచుట ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దు గ్రామములలో పరిపాటి. కాని బంగాళాఖాతపు తుపానులు మార్గశిరమందును వచ్చుచుండును. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటిన మిచౌంగ్ తుపాను ఈ సీమవఱకు వానలు గురిపించి వరి పంటను తడిపినది. ధాన్యము ఇల్లు చేరిన పిదప కప్పు కాఱినచో పడిన పాటంతయు వ్యర్థమే గదా!

తాటాకు కప్పు మొదట కాఱునది కొప్పు కడనే. కావున అచ్చట క్రొత్త ఆకును ఇరుప్రక్కలకు వంచి పఱచి, వెదురుబద్దలతో బిగించి కట్టవలెను. వాలు తక్కువైన కప్పుపై నీరు నిలిచి ఆకు క్రుళ్లును. పైపైన ఎంత ఆకు వేసినను ఆ లోపము తీఱదు. గోదావరి యొడ్డున మంచు దట్టముగాఁ గురియును. రాత్రి తడిసిన కప్పు పగటి యెండకు ఆఱవలెను. కప్పుమీఁదికి సొరపాదు, గుమ్మడిపాదు ప్రాకించుట ఇల్లాండ్రకు ప్రీతియే కాని, తీగ క్రింది ఆకు ఆఱదు.

పెంకుటిండ్లవారికి కోతుల బెడద వేఱు. జరిగిన పెంకులను మబ్బు పట్టకమునుపే సర్దింపవలెను.

ఆకు మార్చునపుడు వాసములను కత్తిమొనతోఁ బొడిచి చూడుఁడు. మొన మెత్తగా దిగినచో ఆ వాసమును తీసివేయవలెను. క్రొత్త వెదురును కొన్ని వారములు నీట నానవేసి, నీడను ఆఱబెట్టి వాడినచో పుచ్చు తగ్గును.